ఎక్స్2000తో ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

1993లో అమెరికాకు చుట్టపుచూపుగా వచ్చిన స్వీడన్ రైల్లో న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ దాకా వెళ్లాను. రైళ్ల పిచ్చి ఉన్న మనవాళ్లు ఎక్కడ కలిసినా మాట ఎలాగోలా దాని మీదికే పోతుంది. వాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

ఇంతకీ ఏ రైలు ఇది?

దాని పేరు ఎక్స్2000. తయారుచేసింది ఏబీబీ అనే కంపెనీ. 1990 సెప్టెంబరులో స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్ మధ్య నడవడం మొదలైంది. సర్వీసులో గంటకు 200 కిలోమీటర్లు వెళ్తుంది. జపాన్, ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్ల కోసం విడిగా తిన్నటి లైన్లు వేసుకున్నాయి. స్వీడన్ జనాభాకు అంత ఖర్చు గిట్టుబాటు కాదు. అక్కడివి పాత లైన్లు, మలుపులు ఎక్కువ. అందుకని లైన్ల జోలికి పోకుండా రైలునే మార్చారు. మలుపు వచ్చినప్పుడు పెట్టెలు లోపలి వైపుకి ఒరుగుతాయి. బోగీలలో (బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, పెట్టె కింద చక్రాలు బిగించిన చట్రం) ఇరుసులు మలుపు ఆకారానికి తగ్గట్టు కాస్త తిరుగుతాయి, దాంతో పట్టాల మీద రాపిడి తగ్గుతుంది. బయటికి కనిపించదు గానీ, నా లెక్కలో ఒరగడం కన్నా ఈ బోగీల పనే గొప్పది.

ఒక చివర ఇంజిన్ పెట్టె, రెండో చివర డ్రైవర్ క్యాబిన్ ఉన్న ప్రయాణికుల పెట్టె. అందువల్ల తిరుగు ప్రయాణానికి ఇంజిన్ విప్పి మళ్లీ తగిలించే పని లేదు. వందే భారత్ చూసిన పిల్లలకు ఇది మామూలు విషయమే, ఆ రోజుల్లో మనకు వింత.

అంత పెద్ద అమెరికాకు స్వీడన్ రైలు ఎందుకు?

అమెరికాలో దూరప్రయాణికుల రైళ్లు నడిపే సంస్థ ఆమ్‌ట్రాక్‌కు అప్పట్లో ఒక చిక్కు ఉండేది. వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ దాకా కరెంటు లైను ఉంది, మెట్రోలైనర్ రైళ్లు గంటకు 125 మైళ్ల వరకు వెళ్లేవి. న్యూయార్క్ నుంచి బోస్టన్ వైపు మాత్రం న్యూహేవెన్ వరకే కరెంటు. అక్కడ ఎలక్ట్రిక్ ఇంజిన్ తీసేసి డీజిల్ తగిలించేవారు. ఆపైన సముద్రం ఒడ్డు వెంబడి అన్నీ వంపులే. న్యూయార్క్, బోస్టన్ ప్రయాణాన్ని మూడు గంటల దగ్గరికి తేవాలంటే ఆ వంపులకు ఏదో ఒక ఉపాయం కావాలి.

కాగితం మీద బొమ్మలు చూసి కొనే బదులు రైలునే తెప్పించి నడిపి చూద్దామనుకున్నారు. 1992 చివర్లో పరీక్షలు మొదలయ్యాయి. ప్రయాణికులు లేకుండా చేసిన పరుగుల్లో గంటకు 150 మైళ్లు దాటించారు. 1993 ఫిబ్రవరి నుంచి మే వరకు, మళ్లీ ఆగస్టు, సెప్టెంబరుల్లో మామూలు ప్రయాణికులతో నడిపారు. మధ్యలో దేశమంతా తిప్పి ఊరూరా జనానికి చూపించారు. కరెంటు లేని చోట్ల డీజిల్ ఇంజిన్ లాక్కెళ్లేది.

అప్పటి ఆమ్‌ట్రాక్ అధ్యక్షుడు గ్రాహం క్లేటర్. ఆయన అంతకుముందు సదరన్ రైల్వేకు అధ్యక్షుడిగా ఉండి, పాత ఆవిరి ఇంజిన్లతో విహార రైళ్లు నడిపించిన మనిషి. అంత పెద్ద కుర్చీలో ఒక రైళ్ల పిచ్చోడు కూర్చోవడం ఎప్పుడోగానీ జరగదు.

స్వీడన్ కరెంటు వేరు, అమెరికా కరెంటు వేరు కదా, ఎలా నడిచింది?

చాలామంది అడగరు గానీ అడగాల్సిన ప్రశ్నే ఇది. స్వీడన్ లైన్లలో 15 కిలోవోల్టులు, ఫ్రీక్వెన్సీ 16.7 హెర్ట్జ్. వాషింగ్టన్, న్యూయార్క్ మధ్య పెన్సిల్వేనియా రైల్‌రోడ్ 1935 నాటికి పూర్తిచేసిన పాత ఏర్పాటు, అందులో సుమారు 12 కిలోవోల్టులు, 25 హెర్ట్జ్. న్యూయార్క్ దాటి న్యూహేవెన్ వైపు వెళ్తే 60 హెర్ట్జ్. ఒకే ప్రయాణంలో కరెంటు రకం మారిపోతుంది.

తక్కువ ఫ్రీక్వెన్సీ కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము ఎక్కువ ఉంటుంది. దాన్ని ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద వాడితే పెద్దగా ఇబ్బంది పడదు. 60 హెర్ట్జ్ కోసం చేసినదాన్ని 16.7 మీద పెడితే మాత్రం వేడెక్కి చస్తుంది. అలా ఆ స్వీడన్ రైలుకు అదృష్టం కలిసొచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాతదంతా ఎలక్ట్రానిక్స్ పని. కరెంటును ముందు డీసీ చేసి, మళ్లీ మూడు ఫేజుల ఏసీగా మార్చి మోటార్లకు ఇస్తుంది. బయట ఏ ఫ్రీక్వెన్సీ ఉందన్నది మోటారుకు పట్టదు.

టికెట్ దొరకడం కష్టమైందా?

లేదు. మెట్రోలైనర్ సర్వీసులోనే దాన్ని నడిపేవారు. ఫోన్ చేసి, ఏ రైలుకు ఆ పెట్టెలు వస్తాయో కనుక్కుని బుక్ చేసుకున్నాను. నేను న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉండేవాణ్ని. మనవాళ్లు అటు వైపు అప్పుడప్పుడే చేరుతున్న రోజులు. పొద్దున్నే మెట్రోపార్క్‌లో లోకల్ పట్టుకుని న్యూయార్క్ పెన్ స్టేషన్‌కు వెళ్లి, అక్కడ ఎక్కాను. లోకల్ ఆలస్యమైతే ఎలాగని టెన్షన్ పడి, ఒక రైలు ముందే బయల్దేరాను.

మా ఇంట్లో మాత్రం పెద్ద చర్చే అయింది. వాషింగ్టన్‌లో పనేమీ లేకుండా వాషింగ్టన్ వెళ్లి రావడం ఏమిటని. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఎదురవుతుంది, జవాబు ఎవరి దగ్గరా లేదు.

ఏ పెట్టెలో కూర్చోవాలి?

ఒరిగే రైల్లో ఇది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదు. మలుపు వచ్చిందని రైలుకు చెప్పేది అన్నిటికన్నా ముందున్న బోగీ మీది సెన్సర్. అది పక్కకి తోసే బలాన్ని గమనించి వెనక పెట్టెలకు కబురు పంపుతుంది. ఆ కబురు వెళ్లి, పెట్టెను ఒరిగించే హైడ్రాలిక్ జాకీలు కదలడానికి కాస్త సమయం పడుతుంది. వెనక పెట్టెలకు ఆ సమయం దొరుకుతుంది, ముందు పెట్టెకు దొరకదు. కాబట్టి డ్రైవర్ క్యాబిన్ ఉన్న ప్రయాణికుల పెట్టె ముందు నడిచే వైపు ప్రయాణమైతే, మొదటి పెట్టెలో ఒరగడం ఒక్క క్షణం ఆలస్యంగా తెలుస్తుంది. ఇంజిన్ ముందున్నప్పుడు ఈ తేడా తక్కువ, ఎందుకంటే సెన్సర్ ఇంజిన్ దగ్గరే ఉంటుంది, ఇంజిన్ ఎలాగూ ఒరగదు.

మధ్య పెట్టెలో, బోగీకి దూరంగా, కిటికీ పక్కన కూర్చోవడం మంచిది. రెండు కిటికీల మధ్య గోడ పడే సీటు ఇస్తే మొహమాటపడకుండా మార్చమని అడగండి.

దారి ఎలా ఉంటుంది?

మొత్తం సుమారు 226 మైళ్లు, 360 కిలోమీటర్ల పైమాటే. కానీ ఇది ఒకే లైను అనుకోవద్దు. ఒక్కో ముక్కను ఒక్కో కాలంలో, ఒక్కో అవసరానికి కట్టారు. రైలు ఎంత కొత్తదైనా ఆ ముక్కల స్వభావం మారదు.

పెన్ స్టేషన్ నుంచి బయల్దేరగానే హడ్సన్ నది కింద 1910 నాటి సొరంగాలు. పైకి వస్తే న్యూజెర్సీ చిత్తడి నేలలు, హాకెన్‌సాక్ నది మీద పడవల కోసం తిరిగే పోర్టల్ వంతెన. అది కూడా 1910దే. దాని బదులు కొత్త వంతెన పని 2022లో మొదలైంది. నేను వెళ్లిన రోజుల్లో ఆ మాటే లేదు. తర్వాత నెవార్క్, ఎలిజబెత్‌లో ఊరి మధ్య పాములాంటి వంపు. ఇక్కడి దాకా హైస్పీడ్ రైలు ఎక్కామన్న సంగతే గుర్తురాదు.

మెట్రోపార్క్ దాటాక కథ మారుతుంది. న్యూబ్రన్స్‌విక్ నుంచి ట్రెంటన్ దాకా దాదాపు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. నాలుగు పట్టాలు, రెండు పక్కలా పాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కరెంటు స్తంభాలు. ఇక్కడే రైలు పూర్తి వేగం అందుకుంటుంది. రోజూ లోకల్ కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి మెట్రోలైనర్ దూసుకుపోతుంటే తలతిప్పి చూసేవాణ్ని. ఆ ప్లాట్‌ఫారాలు ఇప్పుడు నా కిటికీ ముందు నుంచి చెరిపేసినట్టు వెళ్లిపోతుంటే, కొంచెం గర్వంగానే అనిపించింది.

ట్రెంటన్‌లో డెలావేర్ నది దాటి ఫిలడెల్ఫియాలోకి వస్తే ఫ్రాంక్‌ఫర్డ్ జంక్షన్ మలుపు. ఇక్కడ గంటకు 50 మైళ్లే. 2015 మే 12 రాత్రి ఇదే మలుపులో 100 మైళ్లు దాటిన వేగంతో వెళ్లిన రైలు పట్టాలు తప్పి ఎనిమిది మంది చనిపోయారు. ఒరిగే రైలైనా మామూలు రైలైనా అక్కడ నెమ్మదించాల్సిందే.

విల్మింగ్టన్ తర్వాత మేరీల్యాండ్‌లో నదులు. సస్క్వెహానా మీద 1906 నాటి పొడవాటి వంతెన, ఆ తర్వాత బుష్, గన్‌పౌడర్ నదులు. నీళ్లకు దగ్గరగా, తక్కువ ఎత్తులో, వేగంగా వెళ్లడం వల్ల ఈ భాగం దారంతటిలో నాకు బాగా నచ్చింది. గోదావరి వంతెన మీద రైలు నెమ్మదిగా నడుస్తుంటే చిల్లర నాణేలు విసరడం అలవాటైన ప్రాణానికి, నది ఇంత తొందరగా అయిపోవడం మాత్రం వెలితే.

బాల్టిమోర్ స్టేషన్ దాటగానే 1873 నాటి సొరంగం. లోపల వంపు, నీటి చెమ్మ, గంటకు 30 మైళ్లు. ప్రపంచంలో అప్పటికి అత్యాధునికమైన రైళ్లలో ఒకటి, అంతర్యుద్ధం ముగిసిన ఎనిమిదేళ్లకు తవ్విన సొరంగంలో పాక్కుంటూ పోవడం చూస్తే నవ్వొచ్చింది. ఆ తర్వాత వాషింగ్టన్ దాకా మళ్లీ మంచి పరుగు.

వేగం ఎంతో ఎలా తెలిసింది? అప్పుడు ఫోన్లు లేవుగా?

మైలురాళ్లు ఉన్నాయిగా. స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక మైలురాయి నుంచి ఇంకోదానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3,600ను ఆ సంఖ్యతో భాగిస్తే గంటకు మైళ్లు వస్తాయి. 36 సెకన్లయితే 100 మైళ్లు. 30 సెకన్లయితే 120. 28.8 సెకన్లయితే 125, అంటే గంటకు 201 కిలోమీటర్లు. ట్రెంటన్‌కు ముందు నా గడియారం 29 దగ్గరే ఊగుతూ ఉంది. చేతి గడియారంతో పావు సెకను అటూ ఇటూ పోతుంది కాబట్టి వరసగా కొన్ని మైళ్లు కలిపి కొలిస్తే నయం. ఫిలడెల్ఫియా దాటాక మైళ్ల లెక్క కొత్తగా మొదలవుతుంది, అక్కడ గందరగోళపడకండి.

మన దగ్గర కిలోమీటరు రాళ్లతో ఇదే లెక్క. కిలోమీటరుకు 36 సెకన్లయితే గంటకు 100 కిలోమీటర్లు, 27.7 అయితే 130. కరెంటు స్తంభాల మీద కిలోమీటరు అంకె, దాని కింద స్తంభం వరస అంకె రాసి ఉంటాయి. రాయి కనపడకపోతే అదే ఆధారం. జీపీఎస్ ఉన్నా నేను ఇప్పటికీ ఇలాగే కొలుస్తాను. సొరంగంలో జీపీఎస్ చచ్చిపోతుంది, గడియారం చావదు.

ఒరగడం నిజంగా తెలుస్తుందా? కడుపులో తిప్పుతుందా?

తెలుస్తుంది, కానీ అందరూ ఊహించినట్టు కాదు. సైకిల్ మీద మలుపు తిరిగేటప్పుడు మనం లోపలికి వాలినట్టే ఇదీ. కళ్లు మూసుకుంటే ఒరిగిన సంగతి చాలాసార్లు పట్టుబడదు. కళ్లు తెరిచి కిటికీలోంచి చూస్తే నేల పైకి లేస్తుంది, అటు పక్క కిటికీలో ఆకాశం నిండుతుంది. చెవిలోని తూకం ఒకటి చెబుతుంది, కళ్లు ఇంకొకటి చెబుతాయి. కడుపులో తిప్పేది ఈ తగవు వల్లే.

ఇంగ్లండ్‌లో ఏపీటీ అనే ఒరిగే రైలును 1981 డిసెంబరులో జనంతో నడిపినప్పుడు చాలామందికి ఇలాగే అయింది. అది పక్కకి తోసే బలాన్ని దాదాపు పూర్తిగా రద్దుచేసేది. ఒంటికి మలుపే తెలియదు, కంటికి మాత్రం లోకం తిరుగుతుంది. స్వీడన్ వాళ్లు సుమారు 70 శాతం దగ్గర ఆపేశారు. మిగిలిన కాస్త తోపును ఒంటికి వదిలేశారు, మలుపు వచ్చిందని ఒళ్లు కూడా ఒప్పుకోవాలని. నాకేమీ కాలేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం పేపరు చదవడం మానేసి కళ్లు మూసుకున్నాడు. చదువుకునే అలవాటున్నవాళ్లు ఒరిగే రైల్లో కాసేపు పుస్తకం పక్కన పెట్టి, దూరంగా చూస్తూ కూర్చోవడం మేలు.

నిజం చెప్పాలంటే, న్యూయార్క్ నుంచి దక్షిణాన పెద్ద మలుపులు తక్కువ, ఉన్నవాటిలో చాలావరకు ఊళ్లలో ఉన్నాయి. ఈ రైలు గొప్పతనం చూడాల్సింది బోస్టన్ వైపు, కనెక్టికట్ ఒడ్డున. అటు నేను వెళ్లలేకపోయాను.

అంత ఒరిగితే రైలు పడిపోదా అండీ?

పడదు. పెట్టె ఒరిగేది ప్రయాణికుడి సుఖం కోసమే. మలుపులో రైలు తిరగబడే వేగం, సుఖంగా కూర్చోగలిగే వేగం కన్నా చాలా ఎక్కువ. మామూలు రైలును ఆ వేగంతో తిప్పినా పడదు గానీ, కాఫీ మాత్రం ఒళ్లో పడుతుంది. అందుకే మలుపుల్లో వేగం మీద పరిమితులు ముందు సుఖాన్ని చూసి పెడతారు. అమెరికాలో అప్పటి మామూలు నియమం ప్రకారం, మలుపులో బయటి పట్టాను ఎత్తి ఇచ్చే వాలు ఆ వేగానికి సరిపోక మిగిలిపోయే లోటు మూడు అంగుళాలు దాటకూడదు. ఒరిగే రైలుకు దాన్ని ఇంకా పెంచుకునే వీలు ఉంటుంది. అయితే ఆ పెరిగిన వేగం మోపే భారమంతా పట్టాల మీదే పడుతుంది, అందుకే ఇరుసులు తిరిగే ఆ బోగీలు అంత అవసరం అని ముందే అన్నాను.

లోపల ఎలా ఉంది? తిండి?

సీట్లు వెడల్పు, కాళ్లకు జాగా. అన్నిటికన్నా నచ్చింది నిశ్శబ్దం. తిండి గురించి చెప్పేదేమీ లేదు. శాకాహారిని, ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్లాను.

తిరుగు ప్రయాణం మామూలు రైల్లో ఎందుకు చేశారు?

కావాలనే. కొత్త రైల్లో వెళ్లి కొత్త రైల్లో వస్తే తేడా తెలియదు. వాషింగ్టన్ యూనియన్ స్టేషన్ హాల్లో కాసేపు తలెత్తి పైకప్పు చూసి, సాయంత్రం మామూలు మెట్రోలైనర్ ఎక్కాను. అదే దారి, అవే మైలురాళ్లు, అదే గడియారం. తిన్నటి చోట మెట్రోలైనర్ కూడా అదే 29 సెకన్లు చూపింది! రెండు రైళ్లకూ మొత్తం ప్రయాణం సుమారు మూడు గంటలే. తేడా అంతా ఎక్కడంటే, పాత పెట్టెల్లో మలుపు మొదలైనప్పుడు భుజం పక్కకి వాలుతుంది, పట్టాలు మారే చోట చిన్న కుదుపు వస్తుంది. ఎక్స్2000లో ఆ రెండూ అణిగిపోయాయి.

నాకు ఆ రోజు పట్టుబడిన సంగతి ఇదే. బయటి నుంచి వచ్చిన రైలు ఎక్కి మనం కొలిచేది ఆ రైలును కాదు, మన లైనును. ఎక్కడ పరుగెత్తింది, ఎక్కడ తగ్గింది అని రాసుకున్న కాగితం చూస్తే ఆ దారిలో ఏ వంతెన మార్చాలో, ఏ సొరంగం మళ్లీ తవ్వాలో వరసగా కనపడుతుంది. రైలు మారిస్తే ప్రయాణం మారిపోతుందని నమ్మేవాళ్లను ఒకసారి బాల్టిమోర్ సొరంగంలో కూర్చోబెట్టాలి.

ఇంకో తమాషా. ఆ మామూలు మెట్రోలైనర్‌ను లాగిన ఏఈఎం-7 ఇంజిన్ కూడా ఒకప్పటి స్వీడన్ చుట్టమే. 1976లో స్వీడన్ నుంచి ఆర్‌సీ4 ఇంజిన్‌ను ఇలాగే అరువు తెచ్చి నడిపి చూశారు. ఆ తర్వాత ఫ్రెంచి ఇంజిన్‌ను కూడా తెచ్చారు, అది అక్కడి పట్టాల మీద కుదురుగా నడవలేదు. స్వీడన్‌ది కుదిరింది. దాని డిజైన్ లైసెన్సు మీదే అమెరికాలో ఏఈఎం-7లు తయారయ్యాయి.

జర్మనీ హైస్పీడ్ రైలు ఐసీఈ కూడా వచ్చింది కదా, ఎక్కారా?

వచ్చింది, ఎక్కలేదు, చూశాను. 1993లోనే ఐసీఈ 1 ఓడ మీద వచ్చి, దేశమంతా తిరిగి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా న్యూయార్క్, వాషింగ్టన్ మధ్య ప్రయాణికులతో నడిచింది. రెండు చివర్లా ఇంజిన్లు, ఒరగదు. జర్మనీలో కొత్త తిన్నటి లైన్ల కోసం పుట్టిన రైలు అది. కరెంటు లేని చోట దాన్ని లాగడానికి ఎఫ్69పీహెచ్ఏసీ అనే రెండు డీజిల్ ఇంజిన్లకు ఐసీఈ రంగులే వేశారు. ఆ జత ఫొటోలు దొరికితే చూడండి, ముచ్చటగా ఉంటాయి.

చివరికి ఈ రెండింట్లో ఏది కొన్నారు?

రెండూ కొనలేదు! 1996లో ఆర్డరు బొంబార్డియర్, జీఈసీ ఆల్‌స్తోమ్ అనే కంపెనీల జంటకు వెళ్లింది. చుట్టపుచూపుగా రైలు పంపిన ఇద్దరూ ఓడిపోయారు. వచ్చిన రైలే అసెలా. 2000 డిసెంబరు 11న జనంతో మొదలైంది, గంటకు 150 మైళ్లు. మోటార్ల పరిజ్ఞానం ఫ్రెంచి హైస్పీడ్ రైలు టీజీవీది, ఒరిగే ఏర్పాటు కెనడా ఎల్ఆర్‌సీ రైలుది. న్యూహేవెన్, బోస్టన్ మధ్య కరెంటు లైను కూడా అప్పటికి పూర్తయింది.

యూరప్ రైలును ఉన్నదున్నట్టు ఎందుకు కొనలేదంటే, గుద్దుకుంటే తట్టుకోవాల్సిన బలం దగ్గర పేచీ వచ్చింది. అప్పటి అమెరికా నియమం ప్రకారం పెట్టె చివర 8 లక్షల పౌండ్ల ఒత్తిడి తట్టుకోవాలి. యూరప్ ప్రమాణం 2,000 కిలోన్యూటన్లు, అంటే సుమారు నాలుగున్నర లక్షల పౌండ్లు. అమెరికాలో అవే పట్టాల మీద భారీ గూడ్సు రైళ్లు తిరుగుతాయి మరి. ఎక్స్2000, ఐసీఈలు తాత్కాలిక మినహాయింపు మీద నడిచాయి. అసెలాను ఆ బలానికి తగ్గట్టు కట్టేసరికి బాగా బరువెక్కింది.

ఇంకా విచారం ఏమిటంటే, మలుపులు ఎక్కువున్న న్యూయార్క్, న్యూహేవెన్ మధ్యే చాలా ఏళ్లు అసెలా ఒరగకుండానే నడిచింది. అక్కడ పక్కపక్క పట్టాల మధ్య జాగా చాలదు, ఒరిగితే ఎదురుగా వచ్చే రైలుకు మరీ దగ్గరవుతుంది. ఆ భాగం ఆమ్‌ట్రాక్‌ది కాదు కూడా. 2025 ఆగస్టు 28 నుంచి కొత్త తరం అసెలా నడుస్తోంది, గరిష్ఠం 160 మైళ్లు.

అలా వచ్చి ఉండిపోయిన రైళ్లు లేవా?

ఉన్నాయి. స్పెయిన్‌లో తయారైన ఒరిగే రైలు టాల్గో 1994లో సియాటిల్, పోర్ట్‌లాండ్ మధ్య అద్దెకు వచ్చింది. జనానికి నచ్చింది. కొన్నేళ్లకే సొంతంగా కొనుక్కున్నారు. అయితే అక్కడ సిగ్నళ్ల నియమాల వల్ల గంటకు 79 మైళ్లు దాటనివ్వలేదు. ఒరిగే రైలు ఉన్నా, లైను ఒప్పుకోలేదు.

ఎక్స్2000 అమెరికాతో ఆగలేదు. 1995లో ఆస్ట్రేలియా వెళ్లి సిడ్నీ, కాన్‌బెర్రా మధ్య నడిచింది. అక్కడ లైనుకు కరెంటు లేదు కాబట్టి స్థానిక ఎక్స్‌పీటీ డీజిల్ ఇంజిన్లు తగిలించారు. 1998లో ఒక రైలు చైనా వెళ్లి గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ మధ్య ఏళ్ల తరబడి నడిచి, 2012లో స్వీడన్‌కు తిరిగొచ్చింది.

మన దేశానికి వచ్చిన టాల్గో సంగతి?

2016లో తొమ్మిది టాల్గో పెట్టెలు బార్సిలోనా నుంచి ఓడలో ముంబై వచ్చాయి. బరేలీ, మొరాదాబాద్ మధ్య మొదట నడిపారు. జులైలో పల్వల్, మథుర మధ్య గంటకు 180 కిలోమీటర్లు చూపించింది. సెప్టెంబరులో ఢిల్లీ, ముంబై దూరాన్ని 12 గంటల లోపు పూర్తిచేసింది. అప్పట్లో రాజధాని ఎక్స్‌ప్రెస్‌కు దాదాపు 16 గంటలు పట్టేది. టాల్గోది మోటారు లేకుండా తనంతట తానే ఊగే ఏర్పాటు, పెట్టెను పైనుంచి వేలాడదీసినట్టు ఉంటుంది.

మనలాంటి వాళ్లకు మాత్రం టికెట్ లేదు. సీట్లలో ఇసుక బస్తాలు పెట్టి నడిపారు. ఇసుక బస్తా అయి పుట్టినా బాగుండేదని ఆ రోజుల్లో బాధపడ్డవాళ్లు నాకు తెలుసు. పెట్టె నేల ఎత్తు మన ప్లాట్‌ఫారాలకు కుదరకపోవడం ఇంకో ఇబ్బంది. చివరికి కొనలేదు. ఇప్పుడు ఢిల్లీ, ముంబై లైనునే గంటకు 160 కిలోమీటర్లకు తగ్గట్టు బాగుచేస్తున్నారు, కంచెలు కూడా వేస్తున్నారు. నా ఓటు దానికే.

వందే భారత్ ఒరుగుతుందా?

ఒరగదు. దాని బలం త్వరగా వేగం అందుకోవడంలో, త్వరగా ఆగడంలో ఉంది. 180 కిలోమీటర్లకు డిజైన్ చేసినా, నడిచే వేగం లైను చెప్పినంతే. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్, విశాఖ రైలు సుమారు 700 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంది. అంతకుముందు ఏడాది దక్షిణ మధ్య రైల్వేలో ముఖ్యమైన లైన్ల వేగాన్ని 130కి పెంచడం ఆ రైలుకు కలిసొచ్చింది. కాజీపేట దాటాక స్టాప్‌వాచ్ తీసి చూడండి. 28 సెకన్ల దగ్గర పడితే సంతోషించండి, 40 అయితే ఏ స్టేషన్ దగ్గర అయిందో రాసుకోండి. అలాంటి కాగితాలు నా దగ్గర ఒక కట్ట ఉన్నాయి.

ఇప్పుడు ఎక్స్2000 ఎక్కాలంటే?

స్టాక్‌హోమ్ వెళ్లాలి. పాత రైళ్లనే లోపలంతా కొత్తగా చేసి నడుపుతున్నారు. గోథెన్‌బర్గ్ దాకా సుమారు మూడు గంటలు, దారిలో సరస్సులు, అడవులు, కావాల్సినన్ని మలుపులు. కొత్త రైళ్లకు ఆర్డరు ఇచ్చేశారు కాబట్టి మరీ వాయిదా వేయకండి. టికెట్ ముందుగా కొంటే చవక. మధ్య పెట్టె, కిటికీ సీటు, చేతిలో గడియారం. అక్కడివి కిలోమీటర్లు కాబట్టి లెక్క మనకు అలవాటైనదే, 18 సెకన్లయితే 200.